అక్వేరియం చేపలు: కొనదగిన చోటు



గాజుతొట్టిలో పెంచుకొన్న చేప నాలుగు దినములలో వెల్లకిల తేలినప్పుడు ఇంటివారు మొదట నీటిని నిందింతురు, పిమ్మట మేతను నిందింతురు, మరికొందరు తొట్టిని ఈశాన్యమున పెట్టలేదని వాస్తును సైతము నిందింతురు గాని, ఆ చేపను ఏ దుకాణమున, ఏ దినమున, ఏ స్థితిలో కొని తెచ్చితిమో జ్ఞప్తికి తెచ్చుకొని విచారించువారు మిక్కిలి అరుదు. నిజమునకు చేప ఆయుష్షులో పెద్దపాలు అది మన గుమ్మము దాటి లోపలికి రాకముందే నిర్ణయమైపోవును. ఏ జాతి చేపను కొనవలెను అనునది రెండవ ప్రశ్న. ఎవరియొద్ద కొనవలెను అనునది మొదటిది. ఈనాటి నా ప్రసంగము ఆ మొదటి ప్రశ్ననుగూర్చియే.

ఈ మాటలను ప్రత్యేకించి బొగ్గుగనుల సీమలోని శ్రోతల నుద్దేశించి చెప్పుచున్నాను. కొమురం భీం ఆసిఫాబాదు జిల్లా రెబ్బెన మండలమున, సింగరేణివారి బెల్లంపల్లి ఏరియాకు ముఖ్యస్థానమైన గోలేటిని తీసికొందము. మొదటి షిఫ్టు దిగి ఇల్లు చేరిన మనిషి స్నానముచేసి, చాయ త్రాగుచు, క్వార్టరు ముందుగదిలో టీవీ ప్రక్కనున్న రెండడుగుల తొట్టి యెదుట అరగంటసేపు మాటలేక కూర్చుండుట ఇప్పుడు వింత కాదు. అయితే ఊరు చిన్నది. కోరిన రకము కోరిననాడు దొరకదు. కావున ఒకరు బెల్లంపల్లికి, ఒకరు మంచిర్యాలకు, మరియొకరు కాగజ్‌నగరమునకు పోవుదురు. పిల్లల చదువుకో ఆసుపత్రి పనికో హైదరాబాదు పోయినవారు తిరుగు ప్రయాణమున భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్సులో పాలిథీను సంచిని ఒడిలో పెట్టుకొని ఆసిఫాబాద్ రోడ్డు స్టేషనున దిగుదురు. ఇంకను సాహసికులు ఫోనులో బొమ్మ చూచి, డబ్బు పంపి, పార్శిలు తెప్పించుకొందురు. ఈ మార్గములలో ఏది మేలో తేల్చుటకు ముందు, చేప మన కంటబడువరకు ఏయే త్రోవల వచ్చినదో తెలిసికొనవలెను.

మన దుకాణములలోని మంచినీటి రంగుచేపలలో అధికభాగము నదులలో వలవేసి పట్టినవి కావు, పెంపకమున పుట్టినవి. దక్షిణదేశమున ఈ వ్యాపారమునకు పేరుపొందిన చోటు మద్రాసు నగరపు ఉత్తర భాగముననున్న కొళత్తూరు. ఆ పేటయందును, దానికి ఆవలనున్న తిరువళ్లూరు జిల్లా గ్రామములయందును సిమెంటు తొట్లలో, మట్టి కుంటలలో గప్పీలు, మోలీలు, గోల్డ్‌ఫిష్‌లు, ఏంజెళ్లు, ఫైటర్లు వేలకొలదిగా పెరుగుచుండును. తూర్పున కలకత్తా, హౌరా పరిసరములలో ఇది కుటీర పరిశ్రమ. కలకత్తా బాగ్‌బజారు చెంత గాలిఫ్ వీధిలో ఆదివారమునాడు సాగు సంతను చూచినవారికి దాని విస్తారము తెలియును. అక్కడ పుట్టిన పిల్ల పెద్ద పట్టణపు టోకు వర్తకుని చేతికి, అతనినుండి జిల్లా పట్టణపు చిల్లర వర్తకుని చేతికి వచ్చి, అద్దము వెనుక నిలిచి మనలను చూచునప్పటికి రెండు మూడు చేతులును, రెండు మూడు ఊళ్ల నీళ్లును మారియుండును.

సంచి కట్టు విధానము గమనింపదగినది. బయలుదేరుటకు ఒకటి రెండు దినముల ముందే మేత మాన్పించి, పొట్ట ఖాళీ అయిన పిదప చేపను సంచిలో వేసి, మూడవవంతు నీరు, తక్కిన రెండువంతులు ఆమ్లజని నింపి, రబ్బరు బ్యాండ్లతో మూతి బిగింతురు. ప్రభుత్వమువారు వానకాలమున చెరువులలో వదలుటకు తెప్పించు చేపపిల్లల సంచులను కట్టమీద చూచినవారికి ఇది క్రొత్త గాదు. సంచిలో ఆమ్లజని చాలినంత ఉన్నను, చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోవు త్రోవ లేదు. గాలిమార్గము మూసుకొనిపోయిన గ్యాలరీలో మనిషికేమగునో గనికార్మికునకు నేను చెప్పవలసిన పని లేదు, సంచిలోని చేప స్థితియు అట్టిదే. చిత్రమేమనగా ఆ వాయువే ప్రయాణమున చేపను కొంత కాపాడును కూడ. అది నీటిలో కరగినకొలది నీరు ఆమ్లగుణము పొందును. అట్టి నీటిలో చేప విసర్జించిన అమ్మోనియా అంతగా హానిచేయని అమ్మోనియం రూపమున అణగియుండును. సంచి విప్పి గాలి తగులనిచ్చిన కొంతసేపటికే బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోవును, ఆమ్లగుణము తగ్గును, అంతవరకు అణగియున్న అమ్మోనియా విషరూపము దాల్చి మొప్పలను కాల్చును. దారి పొడవున బ్రతికియున్న చేప దుకాణమున దిగిన రెండవనాడో మూడవనాడో చచ్చుటకు గల కారణములలో ఇది ముఖ్యమైనది. అప్పటికి చావక మిగిలినదానిని నీరసము కనిపెట్టి తెల్లచుక్కల రోగము మొదలైనవి పైకొనును. ఆ కొలదిదినముల నష్టమును దుకాణదారు భరించునా, కొన్నవాడు భరించునా? బేరమంతయు ఇందులోనే యున్నది; పది రూపాయలు తగ్గించితినని మురిసిపోవు గిరాకి ఈ సంగతి ఎరుగడు.

కావున దుకాణమున అడుగవలసిన మొదటి మాట వెల కాదు, వచ్చిన తేది. మంచిర్యాలలో ఒక చిన్న దుకాణమున నేను విన్న సంభాషణ దీనికి మంచి నిదర్శనము. గని ఉద్యోగి యొకడు, "అన్నా, ఈ ఏంజెల్ పిల్లలు ఎన్నడు దిగినయ్?" అని అడిగెను. "నిన్న రాత్రే దిగినయ్ సార్. ఇయ్యాల పట్కపోకుండ్రి, వచ్చే ఐతారం రాండ్రి. అప్పటిదాంక నిలబడ్డయే మీయి" అని దుకాణదారు బదులు చెప్పెను. "మరి అంతల ఎవలన్న కొంటె?" అనగా, "కొంటె కొననియ్యిండ్రి, ఇంకో లాటొస్తది" అని తన పనిలో తాను పడెను. ఆ దుకాణమున రంగు దీపములు లేవు, తొట్ల అంచులకు సున్నపు చారలు పట్టియుండెను, కూర్చుండుటకు ఒక స్టూలైన లేదు. అయినను వచ్చిన గిరాకిని వారము వెనుకకు పంపగల వర్తకుడు దొరకినప్పుడు అలంకారములను లెక్కింపనక్కరలేదని నా నమ్మకము. చేప దిగిన తేదిని తొట్టిమీద సుద్దతో వ్రాసిపెట్టువాడు ఇంకను మేలు, అట్టివారు తక్కువ.

లోపలికి పోయిన పిమ్మట చేపలకంటె ముందు వల ఎక్కడ ఉన్నదో చూడుడు. ఒక్క వలతోనే అన్ని తొట్లను దేవి, నీళ్లోడుచున్న ఆ వలను గోడమేకుకు తగిలించు చోట, ఉదయము ఒక తొట్టిలోనున్న రోగము సాయంకాలమునకు తక్కిన తొట్లకు ప్రాకును. మెలకువగలవాడు తొట్టికొక వల ఉంచును. లేదా వాడిన వలను పర్మాంగనేటు కలిపిన బకెట్టులో ముంచి, కడిగి, మరల వాడును. తరువాత నీటి రంగు చూడవలెను. నీలముగా నున్న నీటిలో మిథిలీన్ బ్లూ, పచ్చగా మెరయు నీటిలో ఆక్రిఫ్లావిన్ వంటి మందు ఉన్నదని అనుకొనవలెను. మందు వేయుట తప్పు కాదు. మందులో నున్న చేపను ఆనాడే అమ్ముట తప్పు. పెద్ద దుకాణములలో అన్ని తొట్ల నీరును ఒకే వడపోత గుండా తిరుగుచుండుట కలదు. చూచుటకు అది శుభ్రమే గాని, అట్టిచోట పైవరుసలో రోగిష్టి చేప కనబడినయెడల క్రిందివరుసలోని దానిని గూడ అనుమానింపవలెను, నీరు ఒక్కటే గనుక. చచ్చిన చేప ఒకటి కంటబడినంత మాత్రమున దుకాణమును దూషించుటయు న్యాయము కాదు. వందల ప్రాణములున్న చోట చావు ఉండును. దానిని చూచిన వెంటనే తీసివేసినారా, సగము తినబడి మూలన నానుచున్నదా అనునదే విచార్యము.

ఇక చేప మాట. ఆరోగ్యముగల చేప రెక్కలు విప్పి, తన జాతికి తగిన లోతున తిరుగుచు, అద్దము చెంతకు మనిషి రాగానే మేతకై ముందుకు వచ్చును. రెక్కలను ఒంటికి ముడిచికొని మూల నక్కియుండునది, అడుగు రాళ్లకు ఒళ్లు రాచుకొనునది, పొట్ట లోపలికి పోయి తల మాత్రము పెద్దదై కనబడునది, పొలుసులు నిక్కి ఒళ్లుబ్బినది, తెల్లని సన్నని మలము వదలక వ్రేలాడుచున్నది, ఒకవైపు మొప్ప మూసి రెండవదానితోనే వడివడిగా ఊపిరి తీయునది, ఇట్టిది ఒక్కటి ఉన్నను ఆ తొట్టిలోని మరియే చేపను గూడ తీసికొనరాదు. నీటి పైపొరయందు నోరు తెరచుటయు దుర్లక్షణమే గాని, ఫైటరు, గౌరామి జాతులకు పైగాలి పీల్చు ప్రత్యేకమైన అవయవము ఉన్నందున వానికి ఈ నియమము వర్తింపదు. అన్నిటికంటె సులభమైన పరీక్ష దుకాణదారును ఒక చిటికెడు మేత వేయుమని అడుగుట. మేతను నోటబట్టి మ్రింగినది ఒక విధము, నోటబట్టి ఉమిసినది వేరొక విధము. ఆ రెండవదానిని ఎంత అందముగా నున్నను విడువవలెను.

తెల్లచుక్కల రోగమునుగూర్చి కొంత ఎక్కువ చెప్పవలసియున్నది, ఏలననగా ఇంటి తొట్లను తుడిచిపెట్టునది తరచుగా అదియే. ఇది ఇక్‌థియోఫ్థిరియస్ అను ఏకకణజీవి పని. చర్మము క్రింద దూరి, అచ్చట తిని పెరిగి, చుక్కగా కనబడి, పిదప రాలి అడుగున చేరి, ఒక్కొక్కటి వందలకొలది పిల్లలుగా విడిపోయి, ఆ పిల్లలు ఈదుచు మరల చేపను వెదకికొనును. 25 డిగ్రీల నీటిలో ఈ చక్రము ఇంచుమించు వారములో తిరుగును. చల్లని నీటిలో వారములు పట్టును. మందు ఈదులాడు పిల్లలకే తగులును, చర్మము క్రిందనున్నదానికి తగులదు. కావున చుక్కలు రాలిపోయిన దినమున చేప కోలుకొన్నట్లు కనబడుట మాయ. అసలు దండు అప్పుడే అడుగున సిద్ధమగుచుండును. "నిన్న మందేసినం, ఇయ్యాల సాఫైంది" అను మాట అమ్ముటకు పనికివచ్చును గాని కొనుటకు పనికిరాదు.

రంగును చూచి మోసపోవుటయు కలదు. మన దేశపు చెరువులలో, వాగులలో దొరకు చిన్నచేప యొకటి కలదు. దాని శరీరము గుండా వెన్నెముక స్పష్టముగా అగపడును. అంగళ్లలో దానిని గ్లాస్‌ఫిష్ అందురు. ఆ నిర్మలమైన ఒంటిలో సూదితో రంగు ఎక్కించి, అదియే దాని పుట్టురంగన్నట్లు ప్రపంచమంతట అమ్మిరి. బ్రిటనులో ప్రాక్టికల్ ఫిష్‌కీపింగ్ అను పత్రిక 1996 నుండి ఉద్యమము నడపి ఎన్నో దుకాణములచే ఆ అమ్మకమును మాన్పించెను. రంగు కొన్ని మాసములలో వెలిసిపోవును, గాయము మిగులును. మన దేశమున 2017 మే నెలలో కేంద్ర పర్యావరణ శాఖ అక్వేరియం దుకాణములకు నియమములు ప్రకటించి తరువాత వానిని ఉపసంహరించుకొనెను గనుక, కొనువాని కన్నే ఇప్పటికి తనిఖీ అధికారి. రంగుతోపాటు చేప ఎంత పెరుగునో గూడ విచారింపవలెను. వాస్తు కొరకై అరోవానా అను చేపను కొనువారితో నాకు వాదము లేదు. అయితే రెండడుగుల తొట్టిలో మూడడుగుల వరకు పెరుగు చేపను పెట్టుట ఏ శాస్త్రమునకును సమ్మతము కాదు.

ఇంతవరకు దుకాణములను గూర్చి చెప్పితిని గాని, నా అభిప్రాయమున గోలేటి వాసికి అన్నిటికంటె మేలైన చోటు దుకాణమే కాదు. రెండు వీధుల ఆవల, పెరటిలో సిమెంటు తొట్టియో కోసిన ప్లాస్టిక్ డ్రమ్మో పెట్టి చేపలు పెంచు మరియొక క్వార్టరు. దీనికి కారణము నీరు. గనినుండి తోడిన నీటిని వడపోసి కాలనీలకు, చుట్టుప్రక్కల గ్రామములకు ఇచ్చుట సింగరేణి సీమలో ఉన్న వాడుకయే. రాతిపొరల గుండా ఊరిన నీటిలో సున్నము, మెగ్నీషియము మొదలైన లవణములు హెచ్చుగా ఉండును; సబ్బు నురుగు రాదు, పప్పు త్వరగా ఉడకదు, తొట్టి అద్దమునకు తెల్లని గీత పట్టును. ఇట్టి కఠినజలము గప్పీకి, మోలీకి, ప్లాటీకి ఇష్టమే. అమెజాను అడవుల మృదుజలమున పుట్టిన నియాన్ టెట్రా జాతికి మాత్రము ఇష్టము గాదు. అందుచేత ఆ చేపను ఎంత మంచి దుకాణమున కొన్నను మన కుళాయి నీటిలో అది ఈసురోమనుచు కాలము గడుపును. కొళత్తూరులో పుట్టి రైలెక్కి వచ్చిన గప్పీ నూతన జలమునకు అలవడవలెను; గోలేటిలో పుట్టిన గప్పీకి ఆ అలవాటు జన్మతోడనే కలిగినది. దానికి రైలుప్రయాణము లేదు, సంచిలో రాత్రి లేదు, మూడు దుకాణముల వలలు తగులలేదు. ఆడుగప్పీ ఇంచుమించు నెలకొకసారి పిల్లలు పెట్టును గనుక పెంచువానియొద్ద అవి ఎప్పుడును మిగిలియే యుండును. డబ్బు మాట ఎత్తినచో, "పైసలెందుకు తమ్మీ, డబ్బ తెచ్చుకో, పట్టిస్త" అని నవ్వుదురు.

ఇందులో ఒక లోపము కలదు. ఒకే ఇంటి సంతతి ఏండ్ల తరబడి తమలో తామే కలియుటచేత వెన్ను వంకరపోయిన పిల్లలు, పిల్లలు పెట్టని ఆడవి పుట్టుచుండును. దానికి మందు సులభము: గోలేటి మగచేపలను మాదారం టౌన్‌షిప్పునకు, మాదారంవానిని గోలేటికి అప్పుడప్పుడు మార్చుకొనుట. ఎట్టి జాతియైనను దుకాణమునుండి తెచ్చుటకు ముందు, ఆ జాతిని మన నీటిలో ఏడాదికి పైగా బ్రతికించినవారు కాలనీలో ఎవరున్నారో విచారించి, వారి తొట్టిని ఒకసారి చూచి రండు. ఆ చూపు విలువ ఏ పుస్తకములోను లేదు.

ఎప్పుడు కొనవలెననునది ఎచ్చట కొనవలెననుదానిలో భాగమే. వేడిమి పెరిగినకొలది నీటిలో కరగు ఆమ్లజని తగ్గును. 20 డిగ్రీల నీరు లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆమ్లజనిని పట్టియుంచగా 35 డిగ్రీల నీరు సుమారు 7 మిల్లీగ్రాములనే పట్టును, చేపకేమో వేడిలో అక్కర హెచ్చు. మన సీమలో వైశాఖమున ఎండ 45 డిగ్రీలను తాకుచుండగా, మంచిర్యాలనుండి బస్సులో తెచ్చు సంచిలోని చేప బ్రతికి ఇల్లు చేరినను తొట్టిలో బ్రతుకుననుకొనుట ఆశ మాత్రమే. పుష్యమాసమున తిర్యాణి, సిర్పూరు ప్రాంతములలో రాత్రులు ఎముకలు కొరుకు చలి. 24 డిగ్రీలకు తక్కువైన నీరు సరిపడని జాతులకు హీటరు లేనిచో అప్పుడే తెల్లచుక్కలు పొడసూపును. వానలు తగ్గు ఆశ్వయుజము, చలి విడుచు ఫాల్గుణము, ఈ రెండును మనకు అనుకూలమైన కాలములు.

హైదరాబాదు దుకాణములలో రకములు మెండు, వెల తక్కువ, బేరమునకు చోటున్నది. అయితే మరల రైలుప్రయాణము కలదు గనుక కొన్ననాడే ఆమ్లజని నింపించి, ఆ రాత్రికే ఇల్లు చేరగలవారు మాత్రమే అక్కడ కొనవలెను. బొమ్మ చూచి తెప్పించుకొను పార్శిలునుగూర్చి నాకు మంచిమాట చెప్పుటకు నోరురాదు. చేప మేత తినుట చూడని కొనుగోలు కొనుగోలే కాదు.

ఇల్లు చేర్చిన పిదప, మూసిన సంచిని పావుగంటసేపు తొట్టినీటిపై తేలనిచ్చి, వేడిమి సమానమైన తరువాత విప్పి, వలతో చేపను మాత్రమే దింపి, సంచి నీటిని పారబోయవలెను. దింపవలసినదియు పెద్ద తొట్టిలోనికి కాదు. వేరొక చిన్న తొట్టిలో మూడు నాలుగు వారములుంచి, రోగము లేదని తేలిన పిదప తక్కినవానితో కలుపవలెను. క్రొత్తగా తొట్టి పెట్టువారు చేపకంటె ముందు నీటిని సిద్ధపరచవలెను. కుళాయి నీటిలోని క్లోరిను పోవుటకు ఒక దినము నిలువ ఉంచుటయో, హైపో రవ్వలు వేయుటయో చాలును గాని, అమ్మోనియాను నైట్రైటుగాను, నైట్రైటును నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులు వడపోతలో స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. ఆరోగ్యమైన తొట్టిగల పొరుగువాని ఫిల్టరు స్పాంజిలో ఒక ముక్క దొరకినచో ఆ కాలము చాల తగ్గును. తొట్టిని, చేపను ఒకేనాడు అంటగట్టు దుకాణదారు ఈ సంగతి తెలియనివాడైనను కావలెను, తెలిసి చెప్పనివాడైనను కావలెను.

చివరగా ఒక విన్నపము. అద్దము శుభ్రము చేయునని చెప్పి అమ్ము సక్కరు చేప చిన్ననాడు వ్రేలెడంతయే గాని, అడుగు పొడవునకు మించి పెరుగును. పెరిగిన తరువాత ఏమిచేయవలెనో తోచక చెరువులోనో వాగులోనో విడిచిపెట్టినవారి పుణ్యమున ఆ దక్షిణ అమెరికా చేప తెలుగు దేశపు చెరువులలో చేరి, తన ముండ్లతో వలలు చింపుచు, చేపల రైతులచే దెయ్యం చేప అనిపించుకొన్నది. కావున కొనునప్పుడే, పెరిగిన చేపను తిరిగి తీసికొందురా అని దుకాణదారును అడుగుడు. తీసికొననన్నచో ఆ జాతిని అక్కడ కొనకుడు. ఎట్టి పరిస్థితిలోను పెద్దవాగులో విడువకుడు. ఆ వాగు ప్రాణహితలో కలియును, ప్రాణహిత కాళేశ్వరమువద్ద గోదావరిలో కలియును.